పనసచెట్టు బేరం

ఏటికి అటూ ఇటూ అయిదు ఊళ్లు. ఒక ఊళ్లో వీణలు చేస్తారు. ఒక ఊళ్లో లక్కబొమ్మలు చేస్తారు. మూడో ఊరి ఆడవాళ్లు సన్ననూలు వడుకుతారు. నాలుగోది గొల్లల ఊరు, తప్పెటగుళ్లు గుండెలకు కట్టుకుని తెల్లవార్లూ ఆడతారు. అయిదో ఊళ్లో హరికథలు చెప్పే దాసుగారు ఉన్నారు, ఆ ఊళ్లోనే మృదంగాలు చేసే రెండిళ్లు ఉన్నాయి. జాతరలప్పుడు ఒకరి ఊరికి ఒకరు వెళ్లి, చూసి, భోంచేసి వచ్చేవారు. అంతకు మించి ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

వీణల ఊరి పొలిమేరలో ఒక ముసలమ్మ దొడ్డి ఉంది. ఆ దొడ్లో ఒక పనసచెట్టు. ఇద్దరు మనుషులు చేతులు చాచినా అందనంత మాను. చుట్టుపక్కల అంత పెద్ద పనస ఇంకొకటి మిగల్లేదు. కుండా దండీ అతుకు లేకుండా ఒకే మొద్దులోంచి తొలిచి తీసే ఏకాండి వీణకు అలాంటి మాను ఉండాలి. మృదంగానికీ పనసే కావాలి. అందుకని ఒక మాఘమాసం పొద్దున వీణల ఊరి పెద్దా, మృదంగాల ఇంటి పెద్దా ఇద్దరూ డబ్బు మూటలతో ఒకేసారి ఆ దొడ్డి ముందు దిగారు. మాటా మాటా పెరిగింది. మధ్యాహ్నానికి రెండు ఊళ్లూ కర్రలు తీశాయి. సాయంత్రానికి తగువు దివాణానికి చేరింది.

జమీందారు వయసు మళ్లినవాడు. తన తర్వాత ఏం మిగులుతుందా అన్న ఆలోచన అప్పటికే మనసులో ఉంది. ఆయన చెట్టు ఎవరిదని తేల్చలేదు. "ఏటా ఇంత అని యాభై ఏళ్లపాటు మీ కళల కోసం దివాణం ఖర్చు పెడుతుంది. అయిదూళ్లూ కలిసి ఒకటే కాగితం రాసుకు రండి. ఈ చెట్టు సంగతి కూడా ఆ కాగితంలోనే తేల్చండి" అన్నాడు. రాయడానికి గుమాస్తాని ఇచ్చి పంపాడు.

శివాలయం మండపంలో కూర్చున్నారు. ఎవరి చిట్టా వాళ్లు తెచ్చారు. వీణలవాళ్లకి దుంగలు కొనడానికి డబ్బు. లక్కబొమ్మలవాళ్లకి పట్నంలో కొట్టు. నూలు ఊరికి కొత్త రాట్నాలు. గొల్లలకి గజ్జెలూ, జాతరకి పెద్ద పందిరీ. దాసుగారికి మండపం, మృదంగాలవాళ్లకి పనసమాను. గుమాస్తా మొత్తాన్ని అయిదుతో భాగించాడు. తప్పు లేకుండా వచ్చింది. అందరూ సరే అన్నారు, చెట్టు దగ్గర తప్ప. చెట్టు ధర కట్టడానికి ముసలమ్మని పిలిపించారు.

ఆమె మండపం మెట్టు మీదే కూర్చుంది. "ముందు ఆ కాగితం సదువు బాబూ" అంది. గుమాస్తా చదివాడు. ఆమె మొదటినుంచి చివరిదాకా విని అడిగింది: "యాభై ఏళ్లకి కదేటి దొరగారు రాయమన్నారు? ఇందులో యాభయ్యో ఏడు ఎక్కడుంది?"

గుమాస్తా కాగితం తిరగేశాడు. దుంగలు రెండేళ్లలో అయిపోతాయి. గజ్జెలు అయిదేళ్లలో తెగుతాయి. పందిరి ఒక్క జాతరకి. యాభయ్యో ఏడు ఎక్కడా లేదు.

"నా సెట్టు ఇస్తాను. డబ్బొద్దు. బేరం ఒకటే" అందామె. "ఎవులూ మీకోసం మీరు అడగొద్దు. పక్కూరోళ్లకి ఏటి కావాలో అడగండి. ఆళ్లు అవునంటేనే రాయండి."

"పక్కూరివాళ్లకి ఏం కావాలో మాకెలా తెలుస్తుంది మామ్మా?" అన్నాడు వీణల ఊరి పెద్ద.

"తెల్దు కదా. ఎల్లి సూడండి మరి. ఈ వానాకాలం పనులు తక్కువే గదా."

కోపాలు వచ్చాయి, కొందరు లేచి వెళ్లిపోయారు కూడా. కానీ చెట్టు ఆమెది, ఇంకో చెట్టు లేదు. గుమాస్తా ఎవరు ఏ ఊరికి వెళ్లాలో రాశాడు. తొలకరి పడ్డాక బయల్దేరారు.

దాసుగారు వీణల ఊరికి వెళ్లారు. ఒక వీణ పని చివరికొచ్చింది. దండి మీద నల్లటి మైనం పరిచి, మెట్లు ఒక్కొక్కటే గుచ్చుతున్నాడు పెద్దాయన. ఇరవై నాలుగు మెట్లు. ఒక మెట్టు గుచ్చడం, తీగ మీటడం, చెవి దగ్గర పెట్టి వినడం, గోరంత జరపడం, మళ్లీ మీటడం. పూట గడిచిపోయింది. చివరి మెట్టు కుదిరాక దాసుగారు ఆనందం పట్టలేక "ఏదీ, ఒక కీర్తన వాయించవయ్యా" అన్నారు. పెద్దాయన నవ్వి వీణ పక్కన పెట్టేశాడు. "స్వరం కుదిరిందో లేదో చెప్పగలం దాసుగారూ. వాయించడం మాకు రాదు." ఊరంతా తిరిగి అడిగారు దాసుగారు. పదేళ్ల పిల్లవాడు వీణ కొసన ఉండే యాళి ముఖం చెక్కగలడు. వాయించగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. చేసిన ప్రతి వీణా, గొంతు విప్పకుండానే ఊరు దాటిపోతోంది.

వీణల పెద్ద లక్కబొమ్మల ఊరికి వెళ్లాడు. తరిమెన మీద అంకుడు కర్ర గిర్రున తిరుగుతోంది. లక్క కణికని దానికి ఆనిస్తే ఆ ఒరిపిడి వేడికే లక్క కరిగి కర్రకి రంగు పట్టేస్తోంది, మొగలి ఆకుతో అద్దితే అద్దంలా మెరుస్తోంది. బొమ్మలాయన పట్నంలో కొట్టు గురించే చెబుతున్నాడు. వచ్చినవాడి చూపు మాత్రం మూలన పేర్చిన కర్రల మీద ఉంది. ఒకటి తీసి వేళ్లతో చుట్టి చూశాడు. "ఇంత సన్నవి కొడుతున్నారేం?" అన్నాడు. అటక మీంచి పాత బొమ్మ ఒకటి దింపించాడు. బొమ్మలాయన తండ్రి చేసింది, అరచెయ్యంత లావుంది. ఇప్పటివి బొటనవేలంత. పిల్లలకి చిన్న బొమ్మలే ఇష్టమని బొమ్మలాయన ఇన్నాళ్లూ నమ్మాడు. కొమ్మ లావెక్కకముందే కొట్టుకొస్తున్నారు కాబట్టి బొమ్మ చిన్నదైందని, కర్ర తెలిసినవాడు వచ్చి చెబితే తప్ప అతనికి తట్టలేదు.

బొమ్మలాయన భార్య నూలు ఊరికి వెళ్లింది. అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్నారు. ఆ దవడ పళ్లు ఎంత సన్నం, ఎంత దగ్గరంటే, గింజ అంటుకునే ఉండగా పీచు మాత్రం చుట్టూ విచ్చుకుని, నలుసు లేకుండా తేలుతుంది. ఏకిన ఏకుల్ని ఎండిన అరటి దవ్వ పొరలో చుట్టి దాస్తారు, వడికేదాకా దుమ్ము పడకుండా. ఆమె రోజంతా చూసి, రాత్రి అక్కడే పడుకుంది. పొద్దున్నే లెక్క కట్టింది. ఒక రోజు నూలుకి వచ్చే కూలి ఆ రోజు బియ్యానికి చాలడం లేదు. రాట్నం దగ్గర కూర్చున్నవాళ్లందరి జుట్టూ నెరిసింది. కూతుళ్లు ఎక్కడని అడిగితే పట్నం వైపు చూపించారు. ఇంకో సంగతి కూడా కనిపెట్టింది: దవడలు తెచ్చే జాలరి రెండేళ్లుగా రావడం లేదు, ఉన్న దవడల పళ్లు అరిగిపోతున్నాయి.

నూలు ఊరి పెద్దావిడ గొల్లల దగ్గరికి వెళ్లింది. పాడేది ఒక్క ముసలి గురువు. గంగమ్మ కథ మూడు రాత్రులు నడుస్తుంది. కుర్రాళ్లు అడుగు తప్పరు, దరువు తప్పరు, కానీ వాళ్ల నోళ్లలో వంతపాటే ఉంది. "ఇతను లేని రోజున మీ గజ్జెలు దేనికి మోగుతాయిరా?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. పగలంతా మందల వెంట తిరిగే కుర్రాళ్లకి గురువు పక్కన కూర్చునే తీరిక ఎక్కడిది?

గొల్ల పెద్ద దాసుగారి కథకి వెళ్లాడు. దాసుగారు చిడతలు పట్టి, గజ్జె కట్టి అద్భుతంగా చెప్పారు. వింటున్నవాళ్లలో నల్లజుట్టు లేదు. పక్కనున్న మృదంగం పాతికేళ్లనాటిది, పగుళ్లకి కట్లు వేసుంది. "కొత్త మండపం ఎందుకు సామీ, ఉన్నదే నిండనేదు" అన్నాడు గొల్ల పెద్ద. "మా మందల కాడికి రండి. మా గుంటలు మీ కత ఇంటారు. మీ గుంటలకి మా కత ఇనిపించండి."

దసరాలకి మళ్లీ మండపంలో కూర్చున్నారు. ఈసారి కాగితం చాలా నెమ్మదిగా నిండింది. ప్రతి అంశం దగ్గరా ఎవరికోసం అడిగారో వాళ్లు లేచి అవునో కాదో చెప్పాలి. వీణల ఊళ్లో వీణ నేర్పే అయ్యవారు ఉండాలని దాసుగారు అడిగితే వీణల పెద్ద చాలాసేపు మాట్లాడలేకపోయాడు, తర్వాత అవునన్నాడు. కూలి పెంచి రాయమంటే నూలు ఊరివాళ్లు ఒప్పుకోలేదు. పెంచిన డబ్బు ఒక ఏడాది ఆగితే మా పరువు పోతుంది, ఏటా ఇంత నూలు కొంటామని అయిదూళ్లూ మాటివ్వండి అన్నారు. అలాగే మార్చి రాశారు: పెళ్లి బట్టలు అయిదూళ్లలోనూ ఆ నూలువే. జాలరికి సంవత్సరానికి ఇంత ధాన్యం, దవడలు తెచ్చినందుకు. ముగ్గురు కుర్రాళ్ల పశువుల్ని ఊరంతా వంతులవారీగా కాయాలి, వాళ్లు గురువు దగ్గర కూర్చోవాలి. అంకుడు కొమ్మ పిడికెడు లావు కానిదే ముట్టుకోకూడదు, అందాకా బొమ్మల ఇళ్లకి గింజలు అయిదూళ్లవీ.

చివరిగా ముసలమ్మ ఒక బుట్ట పట్టుకొచ్చింది. అందులో తడి గోనెలో చుట్టిన పనస మొలకలు. ఇంటికొకటి. "పళ్లు నాటినోళ్లవి. మాను పడిననాడు ధర కట్టి సేసేవోళ్లకే ఇవ్వాల. ఇంకోళ్లకి అమ్మకూడదు" అంది. గుమాస్తా అది రాశాడు. యాభయ్యో ఏడు కాగితంలోకి వచ్చింది.

మూడో ఏడు కార్తీకంలో తుఫాను వచ్చి ఆ పెద్ద చెట్టుని వేళ్లతో సహా పెకలించింది. మర్నాడు పొద్దున అయిదూళ్లూ అక్కడికి చేరాయి. మొదలు వీణలకి, పై మాను మృదంగాలకి అని అరగంటలో తేలిపోయింది. మొదలులోంచి వచ్చిన తొలి వీణని అమ్మలేదు, పిల్లలు నేర్చుకోవడానికి ఊళ్లోనే ఉంచారు. మిగతావి అయిపోయాక మాత్రం కటకట మొదలైంది. ఇళ్ల ముందు మొక్కలు ఇంకా లేతవే. దూరాలనుంచి కొన్న చెక్కతో అతుకు వీణలు చేసుకుంటూ, పాత వీణలు బాగు చేసుకుంటూ, పనిలేని నెలల్లో బొమ్మల ఊళ్లో తరిమెన తిప్పుకుంటూ వీణలవాళ్లు ఆ ఏళ్లన్నీ ఈదారు. వీణలు చేసే ఇళ్లలో వాయించేవాళ్లు పుట్టింది ఆ ఏళ్లలోనే.

నాటిన పనసల్లో మొదటిది కొట్టే రోజుకి, మొదట మండపంలో కూర్చున్నవాళ్లలో ఎవరూ లేరు. ముసలమ్మ లేదు, జమీందారు లేడు, జమీందారీలే రద్దయిపోయాయి. దివాణం డబ్బు ఆగి చాలా ఏళ్లయింది. కాగితం మాత్రం గుమాస్తా మనవడి ఇంట్లో ఉంది. అతను దాన్ని తెచ్చి చదివాడు. చెట్టు నాటినవాళ్ల మనవరాలు ధర చెప్పింది, వీణలవాళ్లు ఇచ్చారు.

నీతి

ఒక ప్రాంతపు కళలకి దీర్ఘకాలపు బాట వేయాలంటే ఎవరి కోరికల చిట్టా వాళ్లు తెచ్చి ఒకచోట కుట్టేస్తే సరిపోదు. ఒకరి అవసరం ఇంకొకరి నోట పలకాలి. అలా పలకాలంటే వాళ్ల అరుగు మీద కూర్చుని చూడాలి. తనకోసం అడిగేవాడు ఈ ఏటి లోటునే అడుగుతాడు, అది సహజం. తనకి అలవాటైపోయి కనిపించని లోటుని పక్కవాడే చూడగలడు.

కథలో ఊళ్లకి పేర్లు పెట్టలేదు గానీ, ఉత్తరాంధ్ర ఎరిగినవాళ్లు పోల్చుకునే ఉంటారు. వీణలంటే బొబ్బిలి పక్కన గొల్లపల్లి. లక్కబొమ్మలంటే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. నూలు పొందూరుది. వాలుగ దవడతో పత్తి దువ్వడం కథ కోసం అల్లింది కాదు, గాంధీజీ మెచ్చిన పొందూరు ఖద్దరు తయారీలో అదే తొలి మెట్టు. తప్పెటగుళ్లు శ్రీకాకుళం, విజయనగరం గొల్లలవి. హరికథ అనగానే ఆదిభట్ల నారాయణదాసు, ఆయనతోపాటు విజయనగరం గుర్తొస్తాయి. నేను కల్పించినదల్లా వీళ్లంతా ఒక మండపంలో కూర్చోవడం.

కూర్చోకపోవడానికి కారణాలు ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది, బొబ్బిలి విజయనగరంలో ఉంది, పొందూరు శ్రీకాకుళంలో ఉంది, గోడల మీద బొమ్మలు వేసే సవర గిరిజనుల ఊళ్లు చాలామటుకు పార్వతీపురం మన్యంలోకి వచ్చాయి. పాలనకి అది సుఖమే కావచ్చు. కళకి కావలసిన కర్ర, పత్తి, చేప, వినే చెవి మాత్రం జిల్లా హద్దు చూసుకుని పుట్టవు. జిల్లాకొక ఉత్సవం, జిల్లాకొక స్టాలు అని లెక్క వేసినంతకాలం, ఒక జిల్లా కళ ఇంకో జిల్లా అడవి మీద నిలబడి ఉందన్న సంగతి ఏ కాగితంలోకీ ఎక్కదు.

రెండో కారణం గురించి మాట్లాడటానికి మనకి మొహమాటం. మన పల్లెల్లో ఎవరి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో కులం తేల్చేది. ఈ కళల్లో చాలా వాటిని ఒక్కో కులమే మోసుకొచ్చింది. అందుకే వీణ చేసే చేతులూ వాయించే చేతులూ వేరువేరుగా ఉండిపోయాయి. గొల్ల పెద్ద దాసుగారి కథకి వచ్చి కూర్చున్నాడనీ, దాసుగారు మందల దగ్గరికి వెళ్లారనీ నేను రెండు ముక్కల్లో రాసేశాను. నిజంలో ఆ రెండు ముక్కలకీ తరాలు పట్టాయి, ఇంకా పడుతున్నాయి. ఈ తలుపు తెరవకుండా ప్రాంతపు కళలకి ఉమ్మడి దృష్టి అని ఎంత రాసుకున్నా, అది కొన్ని ఇళ్ల దృష్టే అవుతుంది. సవర చిత్రాలనే తీసుకోండి. అవి ఇంటి గోడ మీద దేవతల కోసం వేసే బొమ్మలు. వాటిని సంచుల మీదా, గోడ గడియారాల మీదా అచ్చు వేయాలా వద్దా అన్నది ముందు ఆ ఇళ్లవాళ్లని అడగాలి. ముసలమ్మ "ఆళ్లు అవునంటేనే రాయండి" అన్నది అందుకే.

ఇక చెట్ల సంగతి. బొబ్బిలి వీణకి, ఏటికొప్పాక బొమ్మకి, కొండపల్లి బొమ్మకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, ఇంకెవరో ఆ పేరుతో అమ్ముకోకుండా అడ్డుపడుతుంది. కానీ ఆ గుర్తింపు ఒక్క మొక్కనీ మొలిపించదు. కొండపల్లి వాళ్లు తెల్లపొణికి కర్ర కోసం వెతుక్కునే తిప్పలు కృష్ణా తీరంలో అందరికీ తెలుసు. ఏటికొప్పాకలో చింతలపాటి వెంకటపతి రాజు చెట్ల బెరళ్లూ గింజలూ ఆకులనుంచి తీసే సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చారు, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. రంగు చెట్టునుంచే వస్తుంది, కర్ర చెట్టునుంచే వస్తుంది, లక్క చెట్టు మీది పురుగునుంచి వస్తుంది. బొమ్మ కొనేటప్పుడు అడవిని కూడా కొంటున్నామని గుర్తుంచుకునేవాళ్లు తక్కువ. అంకుడుకి ఒక మంచి గుణం ఉంది: కొట్టిన మోడునుంచి మళ్లీ చిగురిస్తుంది. కొమ్మ ముదిరేదాకా ఆగితే చాలు. ఆ ఆగే ఏళ్లలో బొమ్మల ఇళ్లు ఎలా తింటాయి అన్నదే అసలు ప్రణాళిక, మిగతాదంతా ముందుమాట.

పనసది ఇంకో దారి. వీణకి పనికొచ్చే మాను కావాలంటే ముప్పై నలభై ఏళ్లు ఆగాలి. ఏ రైతూ వీణ కోసం అంతకాలం ఆగడు, ఆగమనడం న్యాయం కూడా కాదు. కానీ పనస నాటిన కొన్నేళ్లకే కాపుకొస్తుంది. లేత కాయ పనసపొట్టు కూరకి పోతుంది, పండు సంతకి పోతుంది. నిలబడి ఉన్నంతకాలం చెట్టు తన తిండి తాను సంపాదించుకుంటుంది, మాను చివరి పంట. అంటే గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించినంతకాలం బొబ్బిలి వీణకి ఆశ ఉంది. కళల ప్రణాళిక రాసేవాళ్లు ఉద్యానశాఖ వాళ్లని ఎందుకు పిలవరో నాకు అర్థం కాదు. జపాన్‌లో ఇసే మందిరాన్ని 20 ఏళ్లకోసారి కొత్త కలపతో మళ్లీ కట్టుకుంటారు, 2013లో 62వ సారి కట్టారు. ఆ కట్టుబడికి కావలసిన మానుల కోసం గత శతాబ్దం మొదట్లోనే అడవి పెంచడం మొదలుపెట్టారు. వడ్రంగం నిలవాలంటే వడ్రంగికి శాలువా కప్పడంతో సరిపోదని, అడవిని పెంచాలని వాళ్లకి తెలుసు.

డబ్బున్నవాళ్ల పాత్ర లేదని కాదు. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి, నారాయణదాసుని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ ఏడే వయొలిన్ నేర్పడానికి చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. కళాశాల తెరిచిన మూడేళ్లకి, 1922లో, ఘంటసాల పుట్టారు. ఆయన పెరిగి, విజయనగరం చేరి, అక్కడే సంగీతం నేర్చుకున్నారు. పి.సుశీల చదివిందీ అక్కడే. 1919లో ఖర్చు రాసిన గుమాస్తా ఎవరో గానీ, ఆ పద్దు కింద ఘంటసాల పాట వస్తుందని ఊహించి ఉండడు. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి, కళాశాల నిలిచింది. ఆ డబ్బుతో ఒక్క పండగ చేసి ఉంటే ఇవాళ మనకి ఒక ఫొటో మిగిలేది.

డబ్బు లేకుండా నిలిచినదీ ఉంది. కూచిపూడిలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ బతుకులో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి ఆ ఊరి కుటుంబాల చేత మాట తీసుకున్నాడని చెప్పుకుంటారు. అందరూ గొప్ప నర్తకులు కావాలని ఆయన కోరలేదు. ఒక్కసారి గజ్జె కట్టినవాడు తర్వాత వ్యవసాయం చేసుకున్నా, ఉద్యోగానికి పోయినా, చూడటం తెలిసినవాడవుతాడు. ప్రతి ఇంటా చూడటం తెలిసినవాళ్లున్న ఊళ్లో ఆడేవాడు తేలిగ్గా తప్పించుకోలేడు. కళాకారుల్ని తయారుచేసే పథకాలు మనకి చాలా ఉన్నాయి. చూసేవాళ్లని, వినేవాళ్లని తయారుచేసే పథకం ఆ పల్లెటూరి ఒట్టు ఒక్కటే నాకు కనిపిస్తోంది. దాని లోటు కూడా చెప్పాలి: అందులో ఆడపిల్లలకి చోటు లేదు, ఆ తలుపు ఇరవయ్యో శతాబ్దంలో గాని తెరుచుకోలేదు.

ప్రభుత్వాలు మారతాయి, శాఖల పేర్లు మారతాయి. రాష్ట్ర సంగీత నాటక, సాహిత్య, లలితకళా అకాడమీలు 1980లలో రద్దు కావడం, 1985లో తెలుగు విశ్వవిద్యాలయం రావడం మనం చూశాం. పైనుంచి వచ్చే ఏర్పాటు ఎంత మంచిదైనా పైనుంచే ఆగిపోగలదు. అందుకని, దాని కింద పక్కపక్క ఊళ్ల మధ్య మాటలు ఉండాలి: మీ నూలు మేం కొంటాం, మీ పిల్లలకి మేం నేర్పుతాం, మీ చెట్టు ముదిరేదాకా మీకు పని ఇస్తాం. ఇలాంటి మాటలకి బడ్జెట్ పద్దు ఉండదు, రద్దు చేసే జీవోనూ ఉండదు.

ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లెవరైనా అలాంటి సమావేశానికి పూనుకుంటే, మొదటి ఏడాది నిధుల మాట ఎత్తవద్దని వేడుకుంటాను. విజయనగరం కళాశాలలో వీణ నేర్చుకునే పిల్లలు ఒక నెల గొల్లపల్లిలో ఉండి రావాలి, తాము వాయించే మెట్లు ఎలా కుదురుతాయో చూడాలి, సాయంత్రాలు ఆ ఊరి పిల్లలకి సరళీ స్వరాలు చెప్పాలి. గొల్లపల్లి పనివాళ్లు ఏటికొప్పాక వెళ్లి కర్ర చూడాలి. ఏటికొప్పాక ఆడవాళ్లు పొందూరులో ఒక రాత్రి ఉండాలి. బస్సు ఛార్జీలూ భోజనాలూ తప్ప ఖర్చేం లేదు. ఆ తిరుగుళ్లలో విన్నది రాసుకున్నాకే కలెక్టర్ల దగ్గరికి వెళ్లాలి. పనస మొక్కల పని మాత్రం ఆ ఏడాదే మొదలుపెట్టవచ్చు, దానికి తీర్మానం అక్కర్లేదు. వేసవి చివర పళ్లు దిగుతాయి, వెనకే తొలకరి. పనస గింజ ఎండితే మొలవదు కాబట్టి పండు తిన్న వారంలోపే నాటేయాలి.